సూర్యుడు పడే చోటు, గాలి వీచే చోటు: స్లావిక్ భాషల్లో దిక్కుల పేర్లు

పోలిష్ భాషలో ‘పూవ్నొత్స్’ అనే ఒకే మాటకు అర్ధరాత్రి, ఉత్తరం అని రెండు అర్థాలున్నాయి. ‘పొవుద్న్యె’ అన్నా అంతే, అది మధ్యాహ్నమూ కావచ్చు, దక్షిణమూ కావచ్చు. వినేవారు తికమక పడకుండా కాపాడేది ఆ నామవాచకానికి ముందు చేరే చిన్న అవ్యయం మాత్రమే. ‘ఒ పూవ్నొత్సి’ అంటే అర్ధరాత్రి వేళ, ‘న పూవ్నొత్సి’ అంటే ఉత్తరాన. రెండు చోట్లా నామవాచకం ఒకటే, దాని విభక్తి రూపం కూడా ఒకటే. అలాగే ‘వ్ పొవుద్న్యె’ అంటే మధ్యాహ్నం పూట, ‘న పొవుద్న్యె’ అంటే దక్షిణం వైపుకు. కాలాన్నీ దిక్కునూ ఒకే మాటలో పెట్టి, వేరుచేసే పనిని ఒక్క అక్షరానికి అప్పగించిన ఈ ఏర్పాటు పైకి పొదుపుగా కనిపిస్తుంది, కానీ దాని వెనుక స్లావిక్ ప్రజలు దిక్కులను గుర్తుపట్టిన పద్ధతుల చరిత్ర అంతా ఉంది.

మధ్యాహ్నానికీ దక్షిణానికీ ఈ ముడి ఎలా పడిందో తెలియాలంటే ముందు ఆకాశం వైపు చూడాలి. స్లావిక్ భాషలు మాట్లాడే దేశాలలో దక్షిణపు కొసన ఉన్న ఉత్తర మాసిడోనియా కూడా దాదాపు 41 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే కర్కటరేఖకు చాలా పైన. అక్కడ ఏడాదిలో ఏ రోజున చూసినా మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణానే ఉంటాడు, నడినెత్తికి ఎన్నడూ రాడు. కనుక మధ్యాహ్నపు సూర్యుడి వైపు చెయ్యి చాపితే అదే దక్షిణం, ఆ గుర్తు ఏ ఋతువులోనూ తప్పదు. తెలుగు నేల మీద ఈ గుర్తు పనిచేయదు. విజయవాడలో సుమారు మే మొదటి వారం తర్వాత నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. మధ్యాహ్నమే దక్షిణం అనుకునే భాష పుట్టాలంటే అందుకు తగిన అక్షాంశం కూడా కావాలన్నమాట. ఇక సూర్యుడు ఎప్పుడూ కనిపించని వైపు అర్ధరాత్రికి చెందుతుంది, కాబట్టి అదే ఉత్తరం.

అయితే స్లావిక్ భాషలన్నీ ఈ దారిని పట్టలేదు. పోలిష్‌తో పాటు ఉక్రేనియన్ (పివ్నిచ్, పివ్దెన్), బెలారూసియన్ (పౌనచ్, పౌద్జెన్) భాషలు నడిరేయినీ నడిపగలునూ దిక్కులుగా వాడుతున్నాయి. రష్యన్, చెక్, స్లోవాక్, స్లోవేన్, సెర్బియన్, క్రొయేషియన్, మాసిడోనియన్, బల్గేరియన్ భాషలు మాత్రం ‘సేవెర్’, ‘యుగ్’ అనే మరో జంటను, ఒక్కో భాషలో ఒక్కో ఉచ్చారణతో, వాడుతున్నాయి. వార్సా, కీవ్, మిన్‌స్క్ నగరాలను కలిపే ముక్కోణం ఒక పద్ధతిలో, దాని చుట్టూ మూడు వైపులా ఉన్న దేశాలు మరో పద్ధతిలో ఉన్నాయని స్థూలంగా చెప్పుకోవచ్చు.

ఈ సరిహద్దు మొదటినుంచీ ఉన్నది కాదు. 12వ శతాబ్దం తొలినాళ్లలో కీవ్‌లో కూర్చిన ‘ఆదిమ వృత్తాంతం’ అనే చరిత్ర గ్రంథం నోవహు కొడుకులు భూమిని పంచుకున్న కథతో మొదలవుతుంది. అందులో షేముకు తూర్పు, హాముకు ‘మధ్యాహ్నపు దేశం’, యాపెతుకు ‘అర్ధరాత్రి దేశాలు, పడమటి దేశాలు’ దక్కాయని ఉంది. నేటి రష్యన్ పాఠకుడికి ఆ మాటలు అర్థమవుతాయి కానీ కావ్యభాషలా వినిపిస్తాయి, వ్యవహారంలో రష్యన్ ‘పోల్దెన్’ ఇప్పుడు మధ్యాహ్నం మాత్రమే. చెక్ భాషలోనూ ఇలాగే జరిగింది. 16వ శతాబ్దం చివర అచ్చయిన క్రాలిత్సే బైబిల్‌లో లూకా సువార్త 13వ అధ్యాయంలో జనం తూర్పు పడమరల నుంచీ, ‘నడిరేయి నుంచీ నడిపగటి నుంచీ’ వస్తారని రాశారు. ఇప్పటి చెక్‌లో ఉత్తరం ‘సెవెర్’, దక్షిణం ‘యిహ్’. కానీ పాత అలవాటు భూగోళ శాస్త్రంలో ఒక మూల దాక్కుని మిగిలింది. ఉత్తర దక్షిణ ధ్రువాలను కలుపుతూ గీసే రేఖను చెక్‌లో ‘పొలెద్నీక్’ అంటారు, అంటే మధ్యాహ్నపు గీత. పోలిష్‌లో అది ‘పొవుద్నిక్’, స్లోవేన్‌లో ‘పొల్ద్నెవ్నిక్’. దక్షిణానికి ‘యుగ్’ అనే స్లోవేన్‌లో కూడా ఆ గీత పేరులో మధ్యాహ్నమే ఉంది.

రెండో జంట అయిన సేవెర్, యుగ్‌ల కథ సూర్యుడితో కాక గాలితో మొదలవుతుంది. ‘సేవెర్’ అన్న మాటకు లిథువేనియన్‌లో దగ్గరి బంధువు ‘ష్యౌరే’. దాని అర్థమూ ఉత్తరమే, దాని పక్కనే ఉన్న ‘ష్యౌరీస్’ ఉత్తరపు గాలి. లాటిన్‌లో ‘కౌరుస్’ అంటే వాయవ్యం నుంచి వీచే గాలి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదట గాలికి పేరు పెట్టి, తర్వాత ఆ గాలి వచ్చే వైపుకు ఆ పేరునే ఇచ్చారని తేలుతుంది. చలిని మోసుకొచ్చే గాలి ఎక్కడినుంచి వస్తుందో రైతుకూ పశువుల కాపరికీ తెలియడం ప్రాణావసరం కనుక ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. మనం వాయవ్యం అనే మూలకు కూడా వాయుదేవుడి పేరే ఉంది, కాకపోతే అక్కడ పేరు పెట్టింది పురాణం, ఇక్కడ పెట్టింది వీపుకు తగిలిన చలి.

‘యుగ్’ వ్యుత్పత్తి మీద భాషావేత్తలకు ఏకాభిప్రాయం లేదు, అయినా దాని పాత అర్థాల చుట్టుపక్కల వాతావరణం మాత్రం వెచ్చగా ఉంటుంది. ఆడ్రియాటిక్ తీరంలో ఆగ్నేయం నుంచి వీచే తడి వెచ్చని గాలిని క్రొయేషియన్లు నేటికీ ‘యుగొ’ అంటారు. సెర్బియన్‌లో ‘యుగొవినా’ అంటే మంచు కరిగించే గాలి, ఆ గాలి వీచే రోజులు. స్లోవేన్‌లో మంచు కరగడమే ‘ఒద్‌యుగా’. ఇంతకంటే రుచికరమైన సాక్ష్యం వంటింట్లో ఉంది. స్లోవేన్‌లో మధ్యాహ్నపు తిండికి ‘యుఝినా’ అనే పాత మాట ఉంది, సెర్బియన్‌లో ‘ఉఝినా’ అంటే చిరుతిండి, రష్యన్‌లో ‘ఊఝిన్’ అంటే రాత్రి భోజనం. మూడూ ‘యుగ్’ నుంచి వచ్చినవేనని సాధారణంగా ఒప్పుకుంటారు. సూర్యుడు దక్షిణానికి చేరిన వేళ తినేది మొదట ‘యుఝినా’ అయింది, ఆ తర్వాత రష్యాలో ఆ భోజనం గంట గంటకూ వెనక్కి జరిగి రాత్రిలోకి చేరింది. కాబట్టి గాలిదారి పట్టిన భాషలు కూడా మధ్యాహ్నాన్ని పూర్తిగా వదులుకోలేదు, దాన్ని పళ్లెంలో దాచుకున్నాయి.

ఈ రష్యన్ మాటలను పక్కపక్కన చూస్తే ఇంకో విషయం కూడా బయటపడుతుంది. తూర్పు స్లావిక్ భాషల్లో (రష్యన్, ఉక్రేనియన్, బెలారూసియన్) మాట మొదట వచ్చే ‘యు’ సహజంగా ‘ఉ’గా మారుతుంది. దక్షిణాది స్లావులు ‘యుత్రొ’ అనే ఉదయాన్ని రష్యన్లు ‘ఊత్రొ’ అంటారు. ఆ లెక్కన దక్షిణం ‘ఉగ్’ కావాలి, పాత రష్యన్ రాతల్లో ఆ రూపం ఉంది కూడా. భోజనం పేరు ‘ఊఝిన్’ ఆ దేశీ ఉచ్చారణను నిలుపుకుంది, దిక్కు పేరు మాత్రం ‘యుగ్’ అయింది. అంటే దిక్కు పేరు స్లావుల చర్చిల పాత గ్రంథభాష అయిన చర్చి స్లావోనిక్ నుంచి వచ్చింది, తిండి పేరు ఇంట్లోనే ఉండిపోయింది. ఇక్కడే ఒక హెచ్చరిక కూడా అవసరం. రష్యా ఉత్తర భాగంలో ‘యుగ్’ అనే నది ఒకటి ఉంది. అది సుఖొనా నదితో కలిసి ఉత్తర ద్వినా అవుతుంది, ఆ సంగమం దగ్గరి పట్టణం పేరే వెలీకీ ఊస్త్యుగ్. ఆ నది పేరులో దక్షిణం లేదు, అది ఆ ప్రాంతంలో అంతకు ముందు ఉన్న ఫిన్నో-ఉగ్రిక్ జనం పెట్టిన పేరు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదనడానికి అది ప్రవహించే ఉదాహరణ.

తూర్పు పడమరల దగ్గరికి వస్తే స్లావిక్ భాషలన్నీ ఏకమవుతాయి. అన్నింటిలోనూ అవి సూర్యుడి కదలికలే, తేడా అంతా ఏ క్రియను ఎంచుకున్నాయన్న దగ్గర ఉంది. రష్యన్ ‘వస్తోక్’లో ‘పైకి’ అనే ఉపసర్గ, ‘పారు, పరుగెత్తు’ అనే ధాతువు ఉన్నాయి. 863లో మొరావియాకు బయలుదేరిన సిరిల్, మెథోడియస్ సోదరులతో మొదలైన బైబిల్ అనువాద సంప్రదాయం గ్రీకు ‘అనతోలే’కు, అంటే ఉదయించడానికి, ఈ మాటను నిలబెట్టింది. మత్తయి సువార్త రెండో అధ్యాయంలో జ్ఞానులు తూర్పు నుంచి వచ్చిన చోట గ్రీకు మూలం తూర్పును బహువచనంలో చెబుతుంది, స్లావోనిక్ పాఠం కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడ బహువచనమే పెట్టింది. దిక్కుకు బహువచనమేమిటని అడగకుండా చేసిన ఆ విధేయతే ‘వస్తోక్’ గ్రంథభాషలో రూపుదిద్దుకున్న మాట అనడానికి మంచి ఆనవాలు. రష్యన్‌లో మామూలు సూర్యోదయానికి ‘వస్ఖోద్’ అని వేరే మాట ఉంది, దానిలోని ధాతువుకు అర్థం ‘నడక’.

ఆ నడక ధాతువే మిగతా భాషల్లో తూర్పునూ పుట్టించింది. పోలిష్ ‘ఫ్స్ఖుద్’, బెలారూసియన్ ‘ఉస్ఖోద్’, ఉక్రేనియన్ ‘స్ఖిద్’, స్లోవేన్ ‘వ్జ్‌హొద్’ అన్నీ పైకి నడవడమే. చెక్, స్లోవాక్ భాషలు మాత్రం ‘పైకి’ బదులు ‘బయటికి’ అనే ఉపసర్గను ఎంచుకుని ‘వీఖొద్’ అన్నాయి. దాంతో ఆ భాషల్లో తూర్పుకూ, సూర్యోదయానికీ, భవనంలో బయటికి వెళ్లే ద్వారానికీ ఒకటే మాట అయింది. తలుపు మీద ఆ మాట చూసిన కొత్త విద్యార్థి అది తూర్పు ద్వారమని అనుకుంటే అది అతని తప్పు కాదు. సెర్బియన్, క్రొయేషియన్ ‘ఇస్తొక్’, బల్గేరియన్ ‘ఇజ్తొక్’ మాటల్లో బయటికి పారడం ఉంది. అదే మాట రష్యన్‌లో నది పుట్టే చోటును తెలుపుతుంది.

పడమర మరీ సూటిగా ఉంటుంది. ‘జాపద్’ అంటే వెనక్కి పడడం, దిగంతం వెనుక పడిపోవడం. తెలుగు పాఠకుడి చెవికి ఇది వెంటనే తగులుతుంది, ఎందుకంటే మన ‘పడమర’లోనూ, ‘పడమటి’లోనూ ఉన్నది సూర్యుడు పడడమే. కన్నడంలో పడమరను ‘పడువణ’ అనడంలోనూ అదే ధాతువు ఉంది. స్లావిక్ ‘పద్’, ద్రావిడ ‘పడు’ ధ్వనిలో కలవడం కేవలం కాకతాళీయం, వాటి మధ్య చుట్టరికం లేదు. ఆలోచన కలవడం మాత్రం కాకతాళీయం కాదు, సూర్యుడు ఎక్కడైనా అటే పడతాడు. పోలిష్, ఉక్రేనియన్, బెలారూసియన్, స్లోవేన్ భాషలు ఇక్కడా ‘పడు’ బదులు ‘నడు’ను వాడి ‘జాఖుద్’, ‘జాఖిద్’, ‘జాఖద్’, ‘జహొద్’ అన్నాయి, అంటే వెనక్కి వెళ్లడం. ఈ ‘జహొద్’ సరిహద్దు దాటి క్రొయేషియాలోకి వెళ్లేసరికి మరుగుదొడ్డి అయిపోతుంది, అక్కడ వెనక్కి వెళ్లేది సూర్యుడు కాదు.

సంస్కృతం ఈ విషయంలో పూర్తిగా మరో దారిలో నడిచింది. తూర్పుకు తిరిగి నిలబడిన మనిషి ఒంటిని దిక్సూచి చేసుకుని, ఎదుట ఉన్నది పూర్వం, వెనుక ఉన్నది పశ్చిమం, కుడిచేతి వైపు దక్షిణం అన్నది. విశేషమేమిటంటే ఆ పదాలకు స్లావిక్‌లో సొంత బంధువులు ఉన్నాయి. ‘పూర్వ’కు చుట్టమైన మాట రష్యన్‌లో ‘పెర్వీ’, అంటే మొదటిది. ‘దక్షిణ’కు చుట్టమైన ‘దెస్నొ’ సెర్బియన్‌లో కుడివైపు, రష్యన్‌లో ‘దిస్నీత్సా’ అంటే కుడిచెయ్యి. ముడిసరుకు అంతా చేతిలోనే ఉన్నా స్లావులు దాన్ని దిక్కులకు వాడుకోలేదు. వారు ఒంటిని లెక్కలోకి తీసుకున్నది నదుల పేర్లలోనే కావచ్చు. ద్నీపర్‌కు ఉపనది అయిన దెస్నా పేరుకు ‘కుడిది’ అని అర్థం, కానీ అది ద్నీపర్‌లో కలిసేది ఎడమ ఒడ్డున. దక్షిణం నుంచి ప్రవాహానికి ఎదురెక్కి వచ్చినవారికి ఆ నది కుడిచేతి వైపు ఎదురైందని, పేరు అప్పటిదని సాధారణంగా చెప్పే వివరణ.

నాలుగు దిక్కులు భూమి మీద నడిచేవాడికి సరిపోతాయి కానీ సముద్రం మీద చాలవు. రష్యా ఉత్తర కొసన, తెల్లసముద్రం ఒడ్డున చేపలవేటతో బతికిన పొమోర్లు ఎనిమిది గాలులకు పేర్లు పెట్టుకున్నారు. ఈశాన్యపు గాలి వారికి ‘పొలునోచ్నిక్’, అర్ధరాత్రిది. ఆగ్నేయపు గాలి ‘అబేద్నిక్’, భోజనవేళది, అంటే సూర్యుడు ఆ మూలన ఉన్నప్పుడు వారు తినడానికి కూర్చునేవారు. దక్షిణపు గాలి ‘లేత్నిక్’, ఎందుకంటే వారి మాటలో ‘లేతొ’, అంటే వేసవి, దక్షిణం కూడా. ద్వినా అఖాతానికి దక్షిణపు ఒడ్డును నేటికీ పటాల్లో వేసవి తీరమనీ, దానికి ఎదుటి ఒడ్డును చలికాలపు తీరమనీ రాస్తారు. వీటన్నింటిలో అందమైనది నైరుతి గాలి పేరు, ‘షెలోనిక్’. షెలోన్ అనే నది నోవ్‌గొరద్ దగ్గరి ఇల్మెన్ సరస్సులోకి నైరుతి వైపు నుంచి వచ్చి కలుస్తుంది, కనుక సరస్సు మీది జాలరులకు ఆ మూల నుంచి వీచేది షెలోన్ గాలి. నోవ్‌గొరద్ జనం ఉత్తరానికి వలసపోతూ ఆ పేరును వెంట తీసుకెళ్లారు. షెలోన్ నది కనుచూపు మేరలో లేని సముద్రం మీద కూడా నైరుతి గాలి షెలోన్ గాలిగానే మిగిలింది.

ఇక వ్యాకరణం. దిక్కులన్నీ ఒకే జాతి మాటలైతే వాటి లింగం కూడా ఒకటే కావాలి. రష్యన్‌లో నిజంగానే నాలుగూ పుంలింగాలు. పోలిష్‌లో మాత్రం తూర్పు పడమరలు పుంలింగం, ఉత్తరం స్త్రీలింగం, దక్షిణం నపుంసకలింగం, నాలుగు దిక్కుల్లో మూడు లింగాలూ కనిపిస్తాయి. ఉక్రేనియన్, బెలారూసియన్ భాషల్లో ఉత్తరం స్త్రీలింగం, మిగతా మూడూ పుంలింగం. రాత్రికి ఉన్న లింగమే అర్ధరాత్రికీ, అక్కడినుంచి ఉత్తరానికీ వచ్చింది. ఒక భాషలో దిక్కుల పేర్లు ఒక్కసారిగా కూర్చిన జట్టు కావనీ, వేర్వేరు చోట్ల నుంచి తెచ్చుకున్నవనీ చెప్పడానికి వ్యుత్పత్తి నిఘంటువు కంటే ఈ లింగభేదమే సులువైన సాక్ష్యం.

అవ్యయం విషయంలో మాత్రం చెక్కుచెదరని క్రమశిక్షణ ఉంది. స్లావిక్ భాషల్లో ‘లో’ అనే అర్థానికి ‘వ్’ లేదా ‘ఉ’, ‘మీద’ అనే అర్థానికి ‘న’ ఉన్నాయి. దిక్కులు ఎప్పుడూ ‘న’తోనే వస్తాయి. రష్యన్‌లో సైబీరియా ‘లో’ ఉంటారు, కానీ ఉత్తరం ‘మీద’ ఉంటారు. ఉనికిని చెప్పేటప్పుడు సప్తమి, వెళ్లడాన్ని చెప్పేటప్పుడు ద్వితీయ వస్తాయి. ‘న సేవెరె’ అంటే ఉత్తరాన, ‘న సేవెర్’ అంటే ఉత్తరానికి. తిరిగి వచ్చేటప్పుడు ‘లో’కు జతగా ఉండే ‘ఇజ్’ కాక, ‘మీద’కు జతగా ఉండే ‘స్’ వస్తుంది, కనుక ‘స్ సేవెరా’. గోడలున్న చోటును ‘లో’తోనూ, గోడలు లేకుండా విశాలంగా పరుచుకున్నదాన్ని ‘మీద’తోనూ చూపే అలవాటుకు ఇది సరిపోతుంది, ఎందుకంటే దిక్కుకు హద్దు గీయలేం. విభక్తి రూపాలను పోగొట్టుకున్న బల్గేరియన్‌లో ‘న సేవెర్’ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది, వెళ్తున్నారో ఉంటున్నారో క్రియను చూసి తెలుసుకోవాలి.

ఊరికి ఉత్తరాన అనడానికీ ఊరి ఉత్తర భాగంలో అనడానికీ ఉన్న తేడాను తెలుగు ‘కు’ ప్రత్యయంతో పట్టుకుంటుంది, హైదరాబాద్‌కు ఉత్తరాన అంటే నగరం బయట. రష్యన్ ‘న సేవెరె మస్క్వీ’ అంటే మాస్కో లోపల, ‘క్ సేవెరు అత్ మస్క్వీ’ అంటే మాస్కో దాటాక. ఇదే సంగతి చెప్పడానికి రష్యన్‌లో మూడో దారి కూడా ఉంది, నిజానికి చాలా విచిత్రమైన దారి. ‘సేవెర్నెయె మస్క్వీ’ అంటే అక్షరాలా ‘మాస్కో కంటే ఎక్కువ ఉత్తరపుది’. ‘పెద్ద, ఇంకా పెద్ద’ అన్నట్టు దిక్కుకు తరతమ భేదం కల్పించి, పోల్చిన ఊరిని షష్ఠీ విభక్తిలో పెడతారు. చెక్క బల్ల, ఇంకా చెక్క బల్ల అనలేనట్టే ఉత్తరపు ఊరు, ఇంకా ఉత్తరపు ఊరు అనడం సాధారణంగా కుదరకూడదు, ఉత్తరపుతనం గుణం కాదు గనుక. కానీ దూరాన్ని గుణంగా చూసే వీలు దిక్కులో ఉంది. సంస్కృతంలో ఇది తలకిందులుగా జరిగింది. ‘ఉత్తర’ అన్న మాటే ‘ఉత్’కు ‘తర’ చేరి ఏర్పడిన ‘ఇంకా పైది’, అక్కడ తరతమ రూపం నుంచి దిక్కు పుట్టింది.

విశేషణాల్లో చివరి హల్లు మెత్తబడడం చాలా చోట్ల కనిపిస్తుంది. రష్యన్ ‘యుగ్’ నుంచి ‘యూఝ్నీ’, ‘వస్తోక్’ నుంచి ‘వస్తోచ్నీ’, చెక్ ‘యిహ్’ నుంచి ‘యిఝ్నీ’. మూలల పేర్లలో భాషలు మళ్లీ రెండుగా చీలతాయి. మనకు ఈశాన్యం, ఆగ్నేయం అంటూ విడి పేర్లుండగా స్లావిక్ భాషలు మూలను ఎప్పుడూ రెండు దిక్కులతో కూర్చుకుంటాయి, ఉత్తర దక్షిణాలే ముందు వస్తాయి. రష్యన్ ‘సేవెరొ-వస్తోక్’, చెక్ ‘సెవెరొవీఖొద్’, సెర్బియన్ ‘సెవెరొఇస్తొక్’ మధ్యలో ‘ఒ’ పెట్టి సమాసం చేస్తాయి. పోలిష్, ఉక్రేనియన్, బెలారూసియన్ భాషలు సమాసం కట్టకుండా ‘ఉత్తరపు తూర్పు’ అన్నట్టు విశేషణాన్ని ముందు నిలబెడతాయి. పూవ్నొత్స్, పివ్నిచ్ వంటి మాటలు అప్పటికే ‘సగం’, ‘రాత్రి’ కలిసిన సమాసాలు కావడం ఇందుకు ఒక కారణమై ఉండవచ్చు, వాటి మీద ఇంకో అంతస్తు కడితే నోరు తిరగదు.

సమాసం మధ్యలోని ఆ ‘ఒ’ 20వ శతాబ్దంలో పటాల మీదికి ఎక్కింది. 1929లో సెర్బులు, క్రొయేటులు, స్లోవేనుల రాజ్యం తన పేరును ‘యుగొస్లావియా’గా మార్చుకుంది. యుగ్, ఒ, స్లావ్ కలిస్తే దక్షిణ స్లావుల నేల. 2003లో ఆ పేరు దేశాల జాబితా నుంచి తొలగిపోయింది. ఉక్రెయిన్‌లో అణు విద్యుత్ కేంద్రం కోసం కట్టిన పట్టణానికి సోవియట్ కాలంలో ‘యుఝ్నొఉక్రాయిన్‌స్క్’ అని పేరు పెట్టారు, దక్షిణ ఉక్రెయిన్ పట్టణమని భావం. అందులో దేశం పేరు ఉక్రేనియన్లదే, దిక్కు పేరు మాత్రం రష్యన్‌ది. 2024లో ఆ ఒక్క ముక్కను మార్చి దాన్ని ‘పివ్దెన్నొఉక్రాయిన్‌స్క్’ చేశారు. యుగ్ పోయి ఆ స్థానంలోకి నడిపగలు వచ్చింది.